మట్టి కార్డులో మట్టి ఏదీ? ఒక పాడి రైతు బహిరంగ లేఖ

మట్టి పరీక్ష కార్డులు తయారుచేసే అధికారులకు, పశుగ్రాసం సాగు మీద కరపత్రాలు రాసే నిపుణులకు, పాల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నాది ఉమ్మడి నల్లగొండ జిల్లా. ఐదెకరాల భూమి, ఏడు బర్రెలు. భూమి ఒక్కచోట లేదు. మూడెకరాలు గుట్ట కింద చెల్క, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల. రెండెకరాలు వాగు పక్కన నల్ల రేగడి, బంకమన్ను నేల. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోతే పదిహేను నిమిషాలు. చెల్కలో వాన వెలిసిన గంటకు చెప్పులేసుకుని తిరగొచ్చు. రేగడిలో మూడో రోజు కూడా చెప్పు దిగబడుతుంది, కాలు ఒక్కటే పైకొస్తుంది. ఈ తేడా మా ఊళ్లో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. నా చేతికొచ్చిన రెండు మట్టి కార్డులకు మాత్రం తెలియదు.

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఉదజని సూచిక (పీహెచ్), లవణాల సంగతి చెప్పే ఈసీ, సేంద్రియ కర్బనం. మొత్తం 12. ఈ మట్టి కార్డుల పథకం 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది, కార్డు మీద చూపే పరీక్షలు ఈ పన్నెండే. ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంకమన్ను ఎంత అన్న ముచ్చట వీటిలో లేదు. నత్రజని గడిలో రెండు చేలకూ 'తక్కువ' అనే ఉంది. హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ అని లెక్క, మన మెట్ట నేలల్లో చాలావాటికి అదే మాట వస్తుంది. రెండింటికీ రోగం ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అన్నమాట. నాకు ఒకచోట ఇచ్చిన పశుగ్రాసం కరపత్రంలోనూ అదే ఉంది: సూపర్ నేపియర్ గడ్డికి ప్రతి కోత తర్వాత ఎకరాకు ఒక బస్తా యూరియా. ఎవరిచ్చారో రాయను, వాళ్లు చెడు చేయాలని ఇవ్వలేదు. కానీ ఆ ఒక్క వాక్యం నన్ను రెండు చేలల్లో రెండు రకాలుగా ముంచింది. అది చెప్పుకోవడానికే ఈ లేఖ.

ముందు బస్తా లెక్క చూద్దాం. 45 కిలోల బస్తా, అందులో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల 700 గ్రాములు. ఈ నత్రజని యూరియా రూపంలో ఉన్నంతసేపూ గడ్డికి పెద్దగా పనికిరాదు. మట్టిలోని ఎంజైములు రెండు మూడు రోజుల్లో దాన్ని అమ్మోనియంగా మారుస్తాయి. ఆ అమ్మోనియాన్ని సూక్ష్మజీవులు ఒకటి రెండు వారాల్లో నైట్రేట్‌గా మారుస్తాయి. యూరియా గింజల మీద పూసే వేప నూనె ఈ పనిని కొంత నెమ్మది చేస్తుంది, ఆపదు. వేరు పీల్చుకునేది ఈ అమ్మోనియం, నైట్రేట్‌లనే. మట్టిలో నత్రజనిలో ఎక్కువ భాగం కుళ్లిన ఆకు, వేరు, పెండల్లో బిగిసి ఉంటుంది. అది విడుదలైనా చివరికి ఈ రెండు రూపాల్లోకి రావాల్సిందే.

నేల రకం పని ఇక్కడే మొదలవుతుంది. అమ్మోనియానికి ధన విద్యుదావేశం, బంకమన్ను రేణువుల మీద ఋణ ఆవేశం. అయస్కాంతానికి ఇనుప రజను లాగా అతుక్కుంటుంది. నైట్రేట్‌ది కూడా ఋణ ఆవేశమే, దాన్ని పట్టుకునే నాథుడు లేడు. నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ కన్నా చిన్నది. ఇసుక రేణువు దానికి పదుల రెట్లు, వందల రెట్లు పెద్దది. పిడికెడు రేగడిలో అమ్మోనియం కూర్చోవడానికి ఉన్న చోటు, పిడికెడు చెల్క మట్టిలో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా రేగడిలో ఉండే బంకమన్ను రకమే వేరు, నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎర్ర నేలల్లోది అంత పట్టు ఉన్న రకం కాదు.

ఇక నా చెల్క కథ. జూలైలో నేపియర్ కోసిన నాలుగో రోజు ఎకరాకు బస్తా చొప్పున చల్లి నీళ్లు పెట్టాను. పదో రోజుకు గడ్డి నల్లగా నిగనిగలాడింది. పన్నెండో రోజున ముసురు పట్టి రెండు రోజుల్లో మూడంగుళాల దాకా కురిసింది. ఇంకో వారానికి కింది ఆకులు పసుపు తిరిగాయి. ఆకు కొనలో మొదలై, నడిమి ఈనె వెంట కిందికి, బాణం మొన ఆకారంలో పాకే పసుపు. అది నత్రజని ఆకలి. చీడ అనుకుని మందు కొట్టినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, నేనూ కొట్టబోయాను. నిజానికి ఏం జరిగిందంటే, వాన పడే సమయానికి బస్తాలో చాలా భాగం నైట్రేట్‌గా మారి ఉంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే, అప్పటికే తడిగా ఉన్న ఇసుక నేలలో అంగుళం వాన నైట్రేట్‌ను అడుగు దాకా దించుతుంది. బంక నేలలో నాలుగైదు అంగుళాలే దించుతుంది. మూడంగుళాల వానకు చెల్కలో లెక్క మీరే వేసుకోండి. గడ్డి వేరులో ఎక్కువ భాగం పై అడుగున్నరలోనే ఉంటుంది. నా డబ్బులు వేరు కిందికి పోయాయి.

పోయింది మాయం కాలేదు, అది ఇంకో బాధ. మా చెల్క నీళ్లు దిగేది మా బోర్లలోకే. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదని మన ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగో వంతుకు పైగా ఆ గీత దాటాయి. ఇళ్ల మురుగు, పెండకుప్పల వాటా కూడా అందులో ఉంటుంది, అంతా యూరియా పాపమే అనను. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఎకరా మీద అంగుళం నీళ్లంటే దాదాపు లక్షా మూడు వేల లీటర్లు. 45 మిల్లీగ్రాముల నైట్రేట్‌లో నత్రజని సుమారు 10 మిల్లీగ్రాములు. అంటే ఆ నీళ్లు ఒక్క అంగుళం పారిస్తే ఎకరాకు కిలో నత్రజని పడ్డట్టు. రెండంగుళాల చొప్పున ఇరవై తడులు ఇస్తే 40 కిలోలు, అంటే సుమారు రెండు బస్తాలు. బోరు నీళ్లతోనే రెండు బస్తాలు వేసుకుంటూ, దాని మీద మళ్లీ బస్తాలు వేస్తున్నాం. బోరు నీళ్ల నైట్రేట్ పరీక్ష చేయించుకోమని ఏ పశుగ్రాసం కరపత్రమూ చెప్పగా నేను చూడలేదు.

రేగడి సంగతి వేరు. అది గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అక్కడ నష్టం లేదనుకునేవాణ్ణి. తప్పు. రేగడి వేరే దారుల్లో పోగొడుతుంది. మా రేగడిలో సున్నపు గులకలు కనిపిస్తాయి, ఉదజని సూచిక 8 దాటింది, అంటే క్షారం ఎక్కువ. అలాంటి నేల మీద, తడి ఉండగా, యూరియా పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియా ఆవిరైపోతుంది. మర్నాడు పొద్దున చేను గట్టు మీద నిలబడితే ముక్కుకు ఘాటు తగులుతుంది, కొట్టంలో తెల్లారగట్ల వచ్చే ఆ వాసనే. ఆ వాసన నా బస్తాదే. రెండోది, నీళ్లు నిలిచే మూల. వాగు వైపు పది గుంటలు పల్లంగా ఉంటుంది, వాన వెలిశాక నాలుగు రోజులు నీళ్లు తీయవు. మట్టిలో గాలి ఆడక అక్కడి సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్ వాడుకుంటాయి, నత్రజని వాయువై పోతుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రెట్లు. ఆ పది గుంటల్లో కూడా గడ్డి పసుపే తిరిగింది. చెల్కలో పసుపుకు కారణం నీళ్లు ఆగకపోవడం, ఇక్కడ నీళ్లు ఆగడం. రంగు చూసి రెండింటికీ మరో బస్తా వేయమంటే ఎలా?

మూడోది నెర్రెలు. వేసవి తర్వాత మా రేగడిలో చెయ్యి మోచేతి దాకా దిగే నెర్రెలుంటాయి. తొలకరికి ముందు పైన చల్లిన యూరియా మొదటి జోరు వానకు ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి జారుతుంది. పట్టుకునే బంకమన్ను ఉన్నా ఆ క్షణంలో దాని చేతికి చిక్కదు. నెర్రెలు మూసుకున్నాకే యూరియా వేయాలి. మా తాత వేసింది యూరియా కాదు, గొర్రెల మంద పెట్టించేవాడు. చెల్కలో అయితే వానలు మొదలై విత్తనం వేయబోయే వారం, రేగడిలో అయితే వేసవిలోనే. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అర్థమవుతోంది: చెల్క ఎక్కువ రోజులు నిలుపుకోలేదు, రేగడి నిలుపుకుంటుంది.

ఇదంతా డబ్బు నష్టం. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం అది కాదు.

రెండేళ్ల కింద అదే రేగడిలో ఎకరం పశుగ్రాసపు జొన్న వేశాను, నాలుగైదు కోతలొచ్చే రకం. మొదటి కోత తర్వాత కరపత్రం ప్రకారం బస్తా వేశాను. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు చినుకు లేదు. మోటారు కాలింది, బాగై వచ్చేసరికి ఇంకో వారం. జొన్న మోకాలెత్తున ఆగిపోయి ఆకులు చుట్టుకుంది. ఆపై ఒక రాత్రి మంచి వాన పడింది. రెండు రోజుల్లో చేను లేచి కూర్చుంది. పచ్చిమేత లేక బర్రెలు పాలు తగ్గించి ఉన్నాయి. మూడో రోజు పొద్దున కోసుకొచ్చి వేశాను.

గంటన్నరకు చూడి బర్రె ఒకటి నిలబడ్డచోటే తూలింది. నోటి వెంట చొంగ, ఎగశ్వాస. చుట్టుపక్కలవాళ్లంతా ఒకే మాట: 'నాము తగిలింది, బెల్లం నీళ్లు పట్టండి.' లేత జొన్నలో ఉండే సైనైడ్ విషం, మన ఊళ్లలో నాము అంటే తెలియనివాళ్లు లేరు. నాకూ అదే అనిపించింది. డాక్టర్ గారు వచ్చి ముందు చిగుళ్లు చూశారు, తర్వాత సూదితో కొంచెం రక్తం తీసి తెల్ల దూది మీద వేశారు. ఎర్రగా లేదు. చిక్కటి డికాక్షన్ రంగు. 'నాము అయితే రక్తం ఇంకా ఎర్రగా మెరుస్తుందయ్యా. ఇది నైట్రేట్' అన్నారు. మిథిలీన్ బ్లూ నరానికి ఎక్కించారు. సాయంత్రానికి బర్రె లేచి నెమరు వేసింది. కానీ పది రోజులకు ఈసుకుపోయింది.

తర్వాత ఆయన చెప్పిన మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. నాముకు ఇచ్చే విరుగుడులో సోడియం నైట్రైట్ ఉంటుంది. బర్రె పొట్టలో నైట్రేట్ చేసే పని సరిగ్గా అదే. నైట్రేట్ పొట్టలో నైట్రైట్‌గా మారి రక్తంలోకి పోయి, ఊపిరి మోసే రక్తాన్ని పనికిరాకుండా చేస్తుంది. అంటే ఆ రోజు నాము అనుకుని ఆ సూది వేసి ఉంటే మేమే చంపినవాళ్లమయ్యేవాళ్లం. దూది మీద రెండు చుక్కలు చూసే ఓపిక ఆయనకు ఉండబట్టి సరిపోయింది.

దీనికి నేల రకంతో ఏం సంబంధం అంటారేమో. ఉంది. ఆ బస్తా చెల్కలో పడి ఉంటే, బెట్టకు ముందు పెట్టిన తడితోనో, ఆ రాత్రి వానతోనో సగం కిందికి పోయేది. రేగడి పోనివ్వలేదు. ఇరవై రెండు రోజులూ నైట్రేట్ వేరు పక్కనే కూర్చుంది, ఎండిన మట్టిలోంచి వేరు దాన్ని లాగలేకపోయింది. వాన పడగానే మట్టిలో ఎండి ఉన్న సేంద్రియ పదార్థం కూడా ఒక్కసారిగా కుళ్లడం మొదలై ఇంకొంత నత్రజని విడుదల చేస్తుంది. తొలకరి తర్వాత చేలన్నీ ఒక్కసారి నల్లబడతాయే, అది ఇదే. వేరు ఒక్క ఊపున పీల్చింది. ఆకు దాన్ని మాంసకృత్తుగా మార్చడానికి అయిదు రోజులు, వారం కావాలి. నేను మూడో రోజే కోశాను. పైగా నేల మట్టానికి కోశాను, నైట్రేట్ ఎక్కువగా దాగేది కాండం కింది భాగంలోనే.

అందుకే నేపియర్‌నూ జొన్ననూ ఒకే గాటన కట్టి రాయడం కూడా సరికాదు. నేపియర్ వేరు ఏడాది పొడవునా నేలలో పని చేస్తూనే ఉంటుంది, మట్టిలో నైట్రేట్‌ను అంతగా పోగుపడనివ్వదు. జొన్న, మొక్కజొన్నలకు దుక్కికీ దుక్కికీ మధ్య నేల ఖాళీగా ఉంటుంది, దున్నినప్పుడు గాలి తగిలి నత్రజని ఊరుతుంది, తాగేవాడు ఉండడు.

ఇప్పుడు కార్డులోని నత్రజని అంకె సంగతి. నేను చదువుకున్నది డిగ్రీ వరకే, అయినా అడిగి తెలుసుకున్నాను. ల్యాబులో పర్మాంగనేట్‌తో కాచి తీసే ఆ అంకె, త్వరగా విడుదల కాగల సేంద్రియ నత్రజనిని, అమ్మోనియాన్ని చెబుతుంది. నైట్రేట్ అందులో లెక్కకు రాదు. కొన్నిచోట్ల అదీ చేయకుండా సేంద్రియ కర్బనం నుంచి గుణించి రాస్తారు. మట్టి తీసేది పై 15 సెంటీమీటర్లలో. పథకం మొదటి విడతల్లో తడి భూములకు రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టకు పది హెక్టార్లకు ఒకటి తీశారు. పది హెక్టార్లంటే పాతికెకరాలు. మా గుట్ట దగ్గర పాతికెకరాల్లో దుబ్బ (ఉత్త ఇసుక నేల), చెల్క, రేగడి మూడూ ఉన్నాయి. ఆ అంకె పనికిరాదని అనడం లేదు. నేల రకం పక్కన రాస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది అంటున్నాను. నెదర్లాండ్స్‌లో పాడి రైతుకు గడ్డి మీద వేసే నత్రజనికి పరిమితి పెట్టేటప్పుడు బంక నేలకు ఒక అంకె, ఇసుక నేలకు అంతకంటే తక్కువ అంకె పెడతారు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 15 లోపు 90 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి నైట్రేట్ ఎంత మిగిలిందో కొలుస్తారు. అంత ఖర్చు మనకెందుకు, అడగను. వాళ్లు నేల పేరు అడిగి తర్వాత ఎరువు చెబుతారు, ఆ వరస ఒక్కటి తెచ్చుకుంటే చాలు.

దానికి ల్యాబు కూడా అక్కర్లేదు. మా వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) తమ్ముడు ఒకరోజు రైతు వేదికలో చేసి చూపించాడు. గుప్పెడు మట్టి తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలాగా నొక్కుతూ పోవాలి. దుబ్బ మట్టి ముద్దే కాదు. చెల్క పట్టీ అంగుళం కాకముందే విరిగింది. రేగడి పట్టీ రెండంగుళాలు దాటి, ఆయన చేతిమీదుగా కిందికి వేలాడింది. రెండు నిమిషాల పని. కార్డు మీద పదమూడో గడి పెట్టి ఆ మాట రాయండి: దుబ్బ, చెల్క, ఒండ్రు, రేగడి. మా మాటల్లోనే రాయండి, మాకు అర్థమవుతుంది.

కరపత్రం ఆ గడిని బట్టి మారాలి. నేను ఇప్పుడు చెల్కలో నేపియర్‌కు అర బస్తా కోసిన నాలుగైదు రోజులకు, మిగతా అర బస్తా ఇరవయ్యో రోజు దాటాక వేస్తున్నాను. మొగులు నల్లగా ఉంటే ఆగుతాను. మధ్యలో అలసంద సాళ్లు వేస్తే యూరియా ఇంకా తగ్గుతుంది. రేగడిలో చల్లి వదలను, సాలు తీసి కప్పుతాను, లేదా పలచటి తడి పెడతాను. జొన్న మీద యూరియా పడి బెట్ట వస్తే, వాన పడ్డాక కనీసం వారం ఆగి, జానెడు మొదలు వదిలి కోస్తున్నాను. నమ్మకం లేని కోతను గాలి చొరకుండా పాతర వేసి ఊరబెడతాను, అదే సైలేజీ. సైలేజీలో నైట్రేట్ సగం దాకా తగ్గొచ్చు, ఎండబెడితే తగ్గదు. నాముకు ఎండబెట్టడం పనిచేస్తుంది కాబట్టి మా వాళ్లు దీనికీ ఎండబెడతారు. ఈ ఒక్క తేడా కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేయండి. పశువుల ఆసుపత్రుల్లో మిథిలీన్ బ్లూ ఎప్పుడూ ఉండేలా చూడండి. కోసిన కాండం మీద వేస్తే నైట్రేట్ ఉన్నచోట నీలం తిరిగే డైఫినైలమీన్ ద్రావణం ఉంటుందట, యాసిడ్‌తో కలిపేది కాబట్టి మా చేతికివ్వద్దు, ఆసుపత్రిలో ఉంచండి. కాండాలు మేమే కట్టగట్టి తెస్తాం.

పాల సంఘాల వారికి ఒక మాట. మీరు గడ్డి పిలకలు, విత్తనాలు రాయితీ మీద ఇస్తున్నారు, సంతోషం. ఆ సంచితో పాటు చెరువు పూడిక ఒక ట్రాక్టర్ తోలుకోవడానికీ సాయం చేయండి. మిషన్ కాకతీయ రోజుల్లో మా చెరువు పూడిక తీసినప్పుడు చెల్కలో ఎకరంలో ట్రాక్టర్లకు ట్రాక్టర్లు పోయించాను. మిగతా రెండెకరాల్లో పోయించడానికి డబ్బుల్లేవు. ఇప్పటికీ పక్కపక్కన కనిపిస్తుంది: పూడిక పడ్డ ఎకరంలో గడ్డి తడికీ తడికీ మధ్య ఇంకో రెండు రోజులు ఆగుతుంది, పసుపు ఆలస్యంగా తిరుగుతుంది. నేల రకాన్ని మార్చలేం అంటారు గానీ, మా పెద్దవాళ్లు బండ్ల మీద చెరువు మట్టి తోలి మార్చుకుంటూనే వచ్చారు.

వచ్చే మంగళవారం రైతు వేదికలో సమావేశం ఉందన్నారు. నేను రెండు సీసాలు తెస్తాను, ఒకదాంట్లో చెల్క, ఇంకోదాంట్లో రేగడి, సగం మట్టి, సగం నీళ్లు. మీ ముందే గిలకొట్టి బల్ల మీద పెడతాను. చెల్క సీసాలో ఇసుక మీరు టీ తాగేలోపే అడుగుకు చేరుతుంది. రేగడి సీసా మర్నాటికి కూడా తేరుకోదు. దయచేసి అటెండర్‌తో పారబోయించకండి, బుధవారం నేనే వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
మూడెకరాల చెల్క, రెండెకరాల రేగడి, ఏడు బర్రెల రైతు